నాంచేలో రెండో రాత్రి

ప్రశ్న: వచ్చే అక్టోబరులో నేను, మా వారు నేపాల్‌లో ఎవరెస్ట్ బేస్ క్యాంపు దాకా నడవాలనుకుంటున్నాము. సెలవులు తక్కువ కాబట్టి నాంచే బజారులో రెండో రాత్రి ఆగకుండా సాగిపోదామని ఆయన అంటున్నారు. అది క్షేమమేనా? దారిలో వన్యప్రాణులు కనిపిస్తాయా? షెర్పాలతో ఎలా మెలగాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రోజు తగ్గించక తప్పకపోతే తిరుగు ప్రయాణంలో తగ్గించుకోండి గాని, ఆ రాత్రిని వదులుకోకండి. విమానం దిగే లుక్లా సుమారు 2,860 మీటర్ల ఎత్తున ఉండగా, తొలి రాత్రి బస చేసే ఫాక్‌డింగ్ అంతకన్నా దిగువన, 2,610 మీటర్ల దగ్గర ఉంటుంది. మర్నాడే 3,440 మీటర్ల నాంచేకు ఎక్కుతారు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని పర్వత వైద్యులు చెబుతారు కాబట్టి, ఒక్కరోజులో 800 మీటర్లకు పైగా ఎక్కిన శరీరానికి ఆ పలుచని గాలి అలవాటయ్యే వ్యవధి ఇవ్వాలి. తలనొప్పితో పాటు వికారం మొదలైతే పైకి వెళ్లకూడదు. అడుగులు తడబడినా, మాట తికమకపడినా అర్ధరాత్రి అయినా సరే కిందికి దిగవలసిందే.

ఆ రోజు గదిలో కూర్చోకుండా 3,790 మీటర్ల ఎత్తున ఉన్న ఖుమ్‌జుంగ్ గ్రామానికి ఎక్కి, రాత్రికి నాంచేకు దిగి పడుకోవడం మేలు. మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఆ దారిలోనే ఉంది. ఎండ ముదరక ముందే బయలుదేరితే, బంగాళాదుంప మళ్ల అంచున ముక్కుతో మట్టి తవ్వుకునే డాంఫే పక్షి కనబడవచ్చు. నెమలి కంఠంలోని నిగనిగలన్నీ ఒంటినిండా పూసుకున్నట్టుండే ఈ పక్షి నేపాల్ జాతీయ పక్షి. రాతి చరియల మీద థార్ అనే జూలు గల అడవి మేకలు మేస్తాయి. ఇంకా పైన, తెంగ్‌బోచే మఠం పరిసరాల్లోని భూర్జ వనాల్లో కస్తూరి మృగం తారసపడవచ్చు. అందులో మగదానికి కొమ్ములుండవు, కోరలుంటాయి. 1976లో సాగర్‌మాథా జాతీయ ఉద్యానం ఏర్పడక ముందు నుంచే షెర్పాలు తమ బౌద్ధ విశ్వాసం కొద్దీ వేటను పాపంగా ఎంచారు. మంచు చిరుత మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

షెర్పా అన్నది ఒక జాతి పేరు. మీ సామాను మోసే వ్యక్తి రాయ్, తమాంగ్ వంటి వేరే జాతికి చెంది ఉండవచ్చు గనుక, అందరినీ ఆ మాటతో పిలవక పేరడిగి పిలవండి. షెర్పాల్లో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టే ఆచారం ఉంది: ఆదివారమైతే నీమా, సోమవారమైతే దావా, శుక్రవారమైతే పాసాంగ్. దావా అంటే చంద్రుడు కూడా, మన సోముడిలాగే. ఖుమ్‌జుంగ్ వెనుక నిలిచిన ఖుంబీలా శిఖరం వారి రక్షక దైవం కాబట్టి దానిని ఎవరూ అధిరోహించరు. మంత్రాలు చెక్కిన మణి గోడలు ఎదురైతే, గుడిలో ప్రదక్షిణం చేసినట్టే, వాటిని కుడిచేతి వైపు ఉంచుకొని నడవండి. బరువుతో వచ్చే జడలబర్రెలకు దారి ఇచ్చేటప్పుడు మాత్రం తప్పనిసరిగా కొండ వైపే నిలబడండి. లోయ అంచున నిలబడిన వారిని ఆ మూటలు తోసేయగలవు.