నానో చదివితే అమ్మాయి సెటిలవుతుందా సార్?

ఖమ్మం నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, నానోమెటీరియల్స్‌లో రీసెర్చ్ చేస్తానంటోంది. వాళ్ల పెద్దమ్మ కూతురు హైదరాబాద్‌లో అదే పని మీద పీహెచ్‌డీ నాలుగో ఏడు. "ఆ పిల్ల రాత్రి పదింటిదాకా ల్యాబ్‌లోనే, మధ్యలో ఎమ్మెస్సీ వాళ్లకు ప్రాక్టికల్స్ చెబుతుంది, ఆదివారమొస్తే సంగీతం క్లాసంటుంది, 27 నిండాయి, ఇదేం చదువు? మావాళ్లేమో బీటెక్ నానోటెక్నాలజీ అంటున్నారు, అది మంచిదా, బీఎస్సీ, ఎమ్మెస్సీ దారి మంచిదా?" అని అడిగారు.

సార్, మీరు రాసినదాంట్లో సెటిలవడం అనే మాట ఐదుసార్లుంది. అమ్మాయికి ఏ పాఠం ఇష్టమో ఒక్కసారీ లేదు. ఆ 27 లెక్క చదువు గురించి కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

బీటెక్ నానోటెక్నాలజీ మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. నానో అనేది సైజు పేరు, మీటరులో వంద కోట్లవ వంతు, అంతే. ఆ సైజులో బంగారంతో పనిచేయాలంటే కెమిస్ట్రీ రావాలి, చిప్‌ల మీదైతే ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్, మందును మోసుకెళ్లే కణాలైతే బయాలజీ. పదిహేడేళ్లకే అన్నీ తలా ఒక చెంచా రుచి చూపించి పంపిస్తే, ఇంటర్వ్యూలో "నువ్వు కెమిస్ట్రీయా, ఫిజిక్సా?" అని అడిగినప్పుడు నీళ్లు నమిలిన పిల్లలు నా దగ్గరికి వచ్చి ఏడ్చారు. బ్రోచర్‌లో పేరు బాగుందని నాలుగేళ్ల ఫీజు కట్టకండి. కెమిస్ట్రీనో ఫిజిక్సో గట్టిగా చదవనివ్వండి, లేదా మెటలర్జీ, కెమికల్ బీటెక్, నానో తర్వాత ఎమ్మెస్సీలోనో ఎంటెక్‌లోనో వస్తుంది. ఎమ్మెస్సీ సీటు కోసం రాసే జామ్ పరీక్ష, ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థల సంగతి అమ్మాయికి నాకంటే బాగా తెలిసే ఉంటుంది, వదిలేస్తున్నా.

ఆ పెద్దమ్మ కూతురు పదింటిదాకా ఏం చేస్తుందో ఎప్పుడైనా అడిగారా? బంగారు నానోకణాలే తీసుకోండి. లేత పసుపు రంగు బంగారు లవణ ద్రావణం మరుగుతుండగా సిట్రేట్ పోస్తే, కాసేపటికి దానిమ్మ రసంలా ఎర్రబడుతుంది. ఫ్లాస్కు సరిగ్గా కడక్కపోయినా, కాస్త ఉప్పు తగిలినా కణాలు గుంపుకట్టి ఊదా రంగుకు తిరిగి అడుగున పేరుకుంటాయి, పొద్దుటి పనంతా వేస్ట్ డబ్బాలోకి. మళ్లీ గాజు సామానంతా ఆక్వారీజియాతో, అంటే బంగారాన్ని కూడా కరిగించే ఘాటు ఆమ్లాల మిశ్రమంతో, కడుక్కోవాలి. బాగా వచ్చినా నమ్మకం లేదు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ స్లాట్ కోసం ఎదురుచూసి, మూడు మిల్లీమీటర్ల రాగి జల్లెడ మీద ఒక్క చుక్క ఆరబెట్టుకుని వెళ్తే ఆరోజు మెషీన్ రిపేరు. ఇలాంటి వారం గడిచాక ఆదివారం వర్ణం పాడుకుంటే తప్పేంటండీ? సాధన చేస్తే వర్ణం ఆ పూటే ఎంతోకొంత పలుకుతుంది.

ప్రాక్టికల్స్ చెప్పడమూ వృథా కాదు. "మేడం, బంగారం పసుపు కదా, ఇదెందుకు ఎర్రగా ఉంది?" అని ఒక పిల్ల అడిగితే, తనకు ఎంత అర్థమైందో ఆ క్షణంలో తెలుస్తుంది. ఐఐటీ మద్రాస్‌లో కెమిస్ట్రీ ప్రొఫెసర్ ప్రదీప్ గారు నానోపదార్థాలతో తాగునీటిలోని ఆర్సెనిక్ తీసే పద్ధతి తెచ్చారు, అక్కడే పాఠాలు చెబుతారు, అది చాలక మలయాళంలో నానో గురించి పుస్తకం రాసి కేరళ సాహిత్య అకాడమీ అవార్డు తీసుకున్నారు.

డబ్బు సంగతి దాచను. పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరు. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది, ఆ తర్వాత చాలామంది పోస్ట్‌డాక్‌కు, అంటే ఇంకో ల్యాబ్‌లో కొన్నాళ్ల తాత్కాలిక పరిశోధనకు, వెళ్తారు, పర్మనెంట్ పోస్టు వెంటనే దొరుకుతుందని నేను మాటివ్వలేను. కానీ మీ అమ్మాయి ఆకలితో ఉండదు, ఆ టెన్షన్ పెట్టుకోకండి. కెమిస్ట్రీలో మార్కులు తగ్గాయని కూడా రాశారు. క్వాంటమ్ డాట్స్ అనే నానో సైజు సెమీకండక్టర్ కణాల మీద పనికి 2023లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న బావెండీ కాలేజీలో రాసిన మొట్టమొదటి కెమిస్ట్రీ పరీక్షలో ఫెయిలయ్యారు, ఆ మాట ఆయనే చెప్పుకున్నారు.

పరీక్షలయ్యాక అమ్మాయిని అక్క దగ్గరికి తీసుకెళ్లండి, ఆదివారం కాదు, ల్యాబ్ నడిచే రోజు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పక్కన నిలబడి చూడనివ్వండి. మీరు లోపలికి వెళ్లకుండా క్యాంటీన్‌లో కూర్చోండి. తిరుగు బస్సులో తను ఏం మాట్లాడుతుందో విని నాకు రాయండి, బీటెక్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.