ఎనిమిది నెలల గుర్రపు పిల్లను బెంగళూరు పంపాలంటే ఏ టీకాలు, ఏ పత్రాలు కావాలి?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం మండలం. మా దగ్గర పుట్టిన ఎనిమిది నెలల ఆడ గుర్రపు పిల్లను బెంగళూరు శివారులోని ఒక స్వారీ శిక్షణశాల వారు కొనుక్కున్నారు. ఆరు వారాల్లో పంపాలి. ఇంతవరకు దానికి ఒక్క టీకా కూడా వేయించలేదు. తల్లికి వేయించిన దాఖలా కూడా లేదు. బయల్దేరే ముందు రోజు టీకాలన్నీ ఒకేసారి వేయించి సర్టిఫికెట్ తీసుకుంటే సరిపోతుందా? – ఒక రైతు

జవాబు: సరిపోదు. టీకా వేసిన మర్నాడే రక్షణ రాదు. తొలిసారి వేయించుకునే పిల్లకు మొదటి మోతాదు శరీరాన్ని సిద్ధం చేస్తుందే తప్ప, నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత వేసే రెండో మోతాదుతో గాని నమ్మదగిన రక్షణ ఏర్పడదు. పైగా గ్లాండర్స్ అనే అంటువ్యాధి లేదని చూపే రక్త పరీక్ష నివేదిక రావడానికి కూడా కొంత సమయం పడుతుంది. అదృష్టవశాత్తు మీరు ఆరు వారాల ముందే అడిగారు. ఈ వారమే మొదటి మోతాదు, నాలుగు వారాలకు రెండోది వేయించి, ఆపై రెండు వారాలు విశ్రాంతి ఇస్తే గడువుకు సరిగ్గా అందుకోవచ్చు. ఇందులో ఒక్క వారం జారినా కొనుగోలుదారులతో మాట్లాడి ప్రయాణాన్నే వాయిదా వేయండి. మోతాదుల మధ్య వ్యవధిని మాత్రం కుదించవద్దు.

అన్నిటికంటే ముందు ధనుర్వాతం టీకా. పశువులన్నిటిలో గుర్రానికి ఈ జబ్బు ముప్పు చాలా ఎక్కువ. దీన్ని కలిగించే సూక్ష్మజీవి మట్టిలోను, గుర్రపు పేడలోను ఉంటుంది. లారీ ఎక్కేటప్పుడు కాలికి గీరుకున్న చిన్న గాయమో, డెక్కలో దిగిన మేకో దానికి చాలు. దవడలు బిగుసుకుపోయి, మూడో కనురెప్ప కంటిని కప్పేస్తూ, చెక్కబొమ్మలా నిలబడిపోయిన గుర్రాన్ని బతికించడం ఎంత కష్టమో చూసినవారికే తెలుస్తుంది. రెండు మోతాదులు పూర్తికాకముందే పిల్లకు గాయమైతే, టీకా వేశాం కదా అని ఊరుకోకుండా వెంటనే పశువైద్యుడికి చూపించి, ధనుర్వాత విషానికి విరుగుడైన సీరం ఇప్పించండి.

దానితోపాటు రేబిస్ టీకా వేయించండి. వీధికుక్కలు తిరిగే మన ఊళ్లలో దీన్ని మానడానికి కారణమేదీ నాకు కనిపించదు. మూడోది గుర్రాల ఇన్‌ఫ్లుయెంజా టీకా. మీ ఇంటి దగ్గర ఒంటరిగా పెరిగిన పిల్ల ఇప్పుడు అనేక గుర్రాలుండే శాలలోకి వెళుతోంది. ఈ జబ్బు దగ్గు ద్వారా ఒకదాని నుంచి మరొకదానికి ఇట్టే వ్యాపిస్తుంది. 2008లో మన దేశంలో ఇది పలు రాష్ట్రాలకు పాకింది. ఈ టీకాకు రెండో మోతాదు తర్వాత ఐదారు నెలలకు మూడోది కూడా ఉంటుంది కనుక ఆ తేదీని టీకా పుస్తకంలో ముందే రాయించి కొనుగోలుదారులకు అందజేయండి. టీకా వేసిన ఒకటి రెండు రోజులు మెడ కొంచెం వాయడం, ఒళ్లు వెచ్చబడడం సహజం. ఆ రోజుల్లో పిల్లను పరుగెత్తించవద్దు. ఏడాదిలోపు పిల్లల్లో ఏలిక పాముల బెడద ఎక్కువ కాబట్టి పేడ పరీక్ష చేయించి, బరువును బట్టి నట్టల మందు కూడా తాగించండి.

ఇక గ్లాండర్స్ సంగతి. ఈ వ్యాధికి టీకా లేదు. అందుకే ఇక్కడ కావలసింది వ్యాధి లేదని చెప్పే రక్త పరీక్ష నివేదిక. ముక్కులో పుండ్లు, చిక్కటి చీమిడి, కాళ్ల వెంట గొలుసులా తేలే గడ్డలు దీని లక్షణాలు. ఇది మనుషులకూ సోకే ప్రాణాంతక వ్యాధి. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం కింద దీన్ని అధికారులకు తెలియజేయడం తప్పనిసరి. వ్యాధి నిర్ధారణ అయిన గుర్రానికి కారుణ్య మరణమే గతి. మీ మండల పశువైద్యాధికారి రక్తం తీసి, దాని నుంచి వేరుచేసిన సీరాన్ని (రక్తపు తేట ద్రవాన్ని) చల్లదనం చెడకుండా హర్యానాలోని హిస్సార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి గాని, గుర్తింపు పొందిన ప్రయోగశాలకు గాని పంపిస్తారు. అదే నమూనాతో గుర్రాల అంటు రక్తహీనతకూ పరీక్ష కోరండి. మరీ చిన్న పిల్లల్లో తల్లి జున్నుపాల నుంచి వచ్చిన ప్రతిరక్షకాల వల్ల ఈ పరీక్ష తప్పుదారి పట్టించే అవకాశం ఉంది గాని, ఎనిమిది నెలల వయసుకు సాధారణంగా ఆ చిక్కు తొలగిపోతుంది.

నివేదికలో ఉన్న గుర్రం, లారీలో ఉన్న గుర్రం ఒక్కటేనని చూపించే గుర్తింపు పత్రం లేకపోతే ఇవన్నీ వట్టి కాగితాలే. మన పెద్దలు సుడులు చూసి గుర్రం మంచిచెడ్డలు ఎంచేవారు. ఆ శకునాల జోలికి నేను వెళ్లను గాని, సుడి ఉన్నచోటు జీవితాంతం మారదు కనుక గుర్తింపునకు అది మన వేలిముద్ర లాంటిది. నుదుటి బొట్టు, కాళ్ల తెలుపుతోపాటు సుడులను కూడా గుర్తింపు పత్రంలోని గుర్రం బొమ్మ మీద గుర్తు పెట్టించండి. రంగును మాత్రమే నమ్ముకోవద్దు. పెద్దయ్యాక తెల్లబడే గుర్రాలు పిల్లప్పుడు నల్లగానో ఎర్రగానో ఉంటాయి. మెడకు ఎడమ వైపు, జూలు కింద మైక్రోచిప్ (గుర్తింపు సంఖ్య ఉండే చిన్న చిప్) వేయించి, దాని 15 అంకెల సంఖ్యను ప్రతి పత్రంలోనూ రాయిస్తే సందేహానికి తావుండదు. రక్తం తీయడానికి ముందే ఈ పని పూర్తికావాలి.

ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉందని పశువైద్యుడిచ్చే ధ్రువపత్రాన్ని మాత్రం చిట్టచివర, బయల్దేరే రోజునో ముందు రోజునో తీసుకోండి. 1978 నాటి జంతు రవాణా నియమాల ప్రకారం అది లేకుండా రవాణాదారుడు గుర్రాన్ని ఎక్కించుకోకూడదు. పంపేవారి, అందుకునేవారి చిరునామాలు, ఫోన్ నంబర్లు, అమ్మకపు పత్రం దాని వెంట ఉండాలి. కర్ణాటక వైపు ఇంకేమైనా పత్రాలు కోరతారేమో కొనుగోలుదారుల పశువైద్యుడిని ఇప్పుడే అడిగించండి. ఆ 1978 రవాణా నియమాల ప్రకారమే పిల్లను ఇతర పశువులతో కలపకూడదు, కింద ఆరు సెంటీమీటర్లకు తగ్గకుండా గడ్డి పరవాలి, వెంట ఒక మనిషి ఉండాలి, వాహనం గంటకు 35 కిలోమీటర్ల వేగం దాటకూడదు. డ్రైవర్లు ఈ చివరి మాటకు నవ్వుతారు. కాని దారిలోని మొగిలి ఘాట్ మలుపుల్లో నిలదొక్కుకోవలసింది పిల్ల కాళ్లు. తలను పైకి బిగించి కట్టవద్దు. తల దించి చీమిడి, దుమ్ము వదిలించుకోలేని గుర్రానికి ఊపిరితిత్తుల్లో చీము పట్టే ప్రమాదం ఉంది.

చేరిన తర్వాత రెండు మూడు వారాలు మిగతా గుర్రాలకు దూరంగా ఉంచి, రోజూ రెండు పూటలా జ్వరం చూడమని వారికి చెప్పండి. 102 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా, దవడ కింద వాపు కనిపించినా వెంటనే అక్కడి పశువైద్యుడికి చూపించాలి.