అరుగు మీది టార్చిలైటు

ప్రశ్న: నాకు 46 ఏళ్ళు, నాన్నగారికి 75. మాది కోనసీమలో సముద్రానికి దగ్గరి పల్లె. 1996 తుపానులో మా కొబ్బరితోట అంతా పడిపోతే నాన్నగారు మళ్ళీ మొక్కలు వేసి పెంచారు. ఆరేళ్ళ క్రితం తోట పక్కనున్న వరిచేను నేను రొయ్యల చెరువు చేయిస్తుంటే, ‘ఉప్పునీళ్ళు కొబ్బరి వేళ్ళకు మంచివి కావురా’ అని ఒక్కసారి అన్నారు. వినలేదు. మరో రెండు చెరువులు లీజుకు తీసుకుని వనామీ రకం రొయ్య వేశాను. మొదట్లో బాగానే వచ్చింది. తర్వాత వరుసగా రెండు పంటలు వైట్ స్పాట్ (తెల్లమచ్చ) జబ్బుతో పోయాయి. నా భార్య బంగారం తాకట్టు పెట్టి మూడోసారి వేశాను, అదీ పోయింది. మేత డీలరు బాకీ తీర్చడానికి తోటలో అరవై సెంట్లు అమ్మాను. ఎందుకని అడగకుండానే నాన్నగారు సంతకం పెట్టారు. ఇప్పుడు తెల్లవారకముందే బయటికి వెళ్ళి, రాత్రి పదకొండు దాటాక ఇంటికి వస్తున్నాను. నా బండి చప్పుడు వినగానే నాన్నగారు అరుగు మీద నుంచి తోట దారిలో టార్చిలైటు వేస్తారు. నేను దగ్గరికి వచ్చేలోగా లోపలికి వెళ్ళిపోతారు. ఫలితం ఆశించవద్దని గీత చెబుతుంది కానీ నా మనసుకు ఎక్కడం లేదు. ఓడిపోయినవాడు మంచి జీవితం గడపడం ఎలా? ఎవరూ ఎరగని హైదరాబాదుకు వెళ్ళిపోనా? చెరువు గట్టు మీద నిలబడితే ఒక్కోసారి ఏవేవో ఆలోచనలు వస్తున్నాయి.

జవాబు: చివరి మాట నుంచి మొదలుపెడతాను. ఆ ‘ఏవేవో ఆలోచనలు’ చచ్చిపోవాలనేవే అయితే, ఇది చదవడం ఆపి 14416కు ఫోను చేయండి. టెలిమానస్ అనే ప్రభుత్వ సేవ అది. డబ్బు కట్టనక్కరలేదు, ఏ వేళనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ రాత్రే మీ భార్యకు కూడా చెప్పండి. ఒంటరిగా గట్టు మీదికి వెళ్ళకండి.

హైదరాబాదు సంగతి. వద్దు. పని దొరికి వెళ్ళడం వేరు, ముఖం చాటేయడానికి వెళ్ళడం వేరు. అప్పు ఊళ్ళో ఉంచి మనిషి మాత్రం వెళ్ళిపోతే, ఆ అప్పుకు సమాధానం చెప్పుకోవలసింది అరుగు మీది ముసలాయనే.

గీత గురించి రాశారు కనుక అడుగుతున్నాను. ‘కర్మణ్యేవాధికారస్తే’ అందరికీ నోటికి వచ్చు. అదే శ్లోకం చివరి పాదం ఎప్పుడైనా పట్టి చదివారా? ‘మా తే సంగోఽస్త్వకర్మణి’. పని మానేయడం మీద నీకు మమకారం వద్దు అని. ఫలితం ఆశించకపోవడమంటే చేయవలసిన పని నుంచి తప్పుకోవడం కాదు. మీరు చేయవలసిన పని ఒకటి నెలల తరబడి మిగిలిపోయింది. అది చెరువులో లేదు.

ఉత్తరంలో రొయ్యల గురించి అంత రాశారు, నాన్నగారితో ఏం మాట్లాడారో ఒక్క ముక్క లేదు. మాట్లాడలేదు కనుక లేదు. మీ కష్టమంతా అక్కడుంది.

నష్టం వేరు, తప్పు వేరు. మీరు రెండూ కలిపి ‘ఓడిపోయాను’ అని ఒకే మూట కట్టి నెత్తిన పెట్టుకున్నారు. వైట్ స్పాట్ ఒక వైరస్. పక్క చెరువు నుంచి కాలువ నీటిలో రావచ్చు, పీతల ద్వారా రావచ్చు, చెరువులో వదిలే రొయ్యపిల్లలతోనే (సీడ్) రావచ్చు. అంటుకుంటే వారం పది రోజుల్లో చెరువు ఖాళీ. మందు లేదు. రాత్రంతా నీటికి గాలి అందించే ఏరియేటర్ల దగ్గర కాపలా ఉన్నవాడికీ అదే గతి పడుతుంది. అది నష్టం, దానికి సిగ్గుపడకండి. కానీ పెద్దాయన మాట పెడచెవిన పెట్టడం, రెండుసార్లు పోయాక ఇంటి ఆడమనిషి బంగారం తీసి మూడోసారి వేయడం, సంతకం పెట్టించుకుని కారణం చెప్పకపోవడం, ఇవి తప్పులు. నష్టాన్ని ఓర్చుకోవాలి. తప్పును ఒప్పుకోవాలి. ఒప్పుకోవలసినదాన్ని మీరు ఓర్చుకుంటూ కూర్చున్నారు. అందుకే అది తగ్గడం లేదు.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన ఆ తుపాను తర్వాత నేను అమలాపురం వైపు వెళ్ళాను. కొబ్బరిచెట్లన్నీ ఒకే దిక్కుకు తలలు పెట్టి పడి ఉన్నాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆనాడు మీ నాన్నగారి వయసెంతో లెక్క వేయండి. ఇప్పుడు మీది ఎంతో అంత. దేశవాళీ కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. నలభై ఆరేళ్ళ వయసులో, పదిహేడేళ్ళ కొడుకును పక్కన పెట్టుకుని, పడిన మొద్దులు తొలగించి, గోతులు తీసి మొక్కలు నాటారాయన. ఆ మొక్కలకు నీళ్ళు మోసింది మీరు కాదా? ఓడినవాడు ఎలా బతకాలని నన్ను అడుగుతున్నారు. ఎలా బతికారో చెప్పగలిగిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు.

ఆయన కోపంతో లోపలికి వెళ్ళిపోతున్నారని మీరు అనుకుంటున్నట్టున్నారు. 75 ఏళ్ళ మనిషి పదకొండింటిదాకా నిద్ర ఆపుకుని అరుగు మీద కూర్చోవడం కోపంతోనా? పడిన మట్టల మధ్య పురుగూ పుట్రా ఉంటుందని దారి చూపిస్తున్నారు. ఎదురుపడితే మీకు సిగ్గవుతుందని లేచి వెళ్ళిపోతున్నారు. ఆయన మీ మర్యాద కాపాడుతున్నారు బాబూ. కొడుకు తండ్రికి చేయవలసింది తండ్రి కొడుకుకు చేస్తున్నాడు, అదీ ఆ వయసులో. నాకు మీ మీద కోపం వచ్చింది ఇక్కడే.

రేపు చీకటి పడకముందే ఇంటికి వెళ్ళండి. ముందు మీ భార్యతో మాట్లాడండి. ఏ నగ ఎంతకు తాకట్టులో ఉందో, వడ్డీ ఎంతైందో ఆమె చేతనే కాగితం మీద రాయించండి. డీలరుకు, చెరువులు లీజుకు ఇచ్చినవారికి ఇంకా ఇవ్వవలసింది కూడా ఆ కాగితంలోనే వేయండి. భోజనాలయ్యాక దాన్ని నాన్నగారికి ఇవ్వండి. కళ్ళజోడు వెతుక్కుంటారు, నిదానంగా చదువుతారు, ఏమీ అనకపోవచ్చు కూడా. మీరు లేచి వెళ్ళిపోకండి. ‘మీ మాట వినలేదు, తప్పు నాది’ అని ఆ మాటల్లోనే చెప్పండి. వ్యాధి సంగతి, రేటు పడిపోయిన సంగతి ఆ పూట ఎత్తకండి.

ఆ వరిచేను తిరిగి వరికి పనికివస్తుందో లేదో మట్టి పరీక్ష చేయిస్తే తెలుస్తుంది. ఆ పనికి నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్ళండి. మిగిలిన తోటలో ఏ చెట్టు ఎప్పుడు నాటారో కూడా దారిలో అడగండి.