స్వయంప్రతిపత్తి కళాశాలలో కొత్త పేపరుకు సిలబస్ తయారు చేయడం ఎక్కడ మొదలుపెట్టాలి?

తన సిలబస్‌ను తానే రూపొందించుకునే మీ స్వయంప్రతిపత్తి కళాశాలలో డిగ్రీ విద్యార్థులకు ఒక కొత్త ఐచ్ఛిక పేపరు ప్రతిపాదించమని మీ విభాగాధిపతి అడిగారనీ, నాలుగైదు పాఠ్యగ్రంథాల విషయసూచికలు ముందు పెట్టుకున్నా పని సాగడం లేదనీ రాశారు. ఆ విషయసూచికలను కొంతకాలం పక్కన పెట్టి, సెమిస్టరు చివర మీరు ఇవ్వదలచిన ప్రశ్నపత్రాన్ని ముందుగా రాయమని నా సలహా. ఏ ప్రశ్నకు విద్యార్థి గైడు చూడకుండా, తరగతిలో నేర్చుకున్నదాని బలంతో జవాబు రాయగలడో తేలితే, ఏ పాఠం ఉండాలో ఏది అక్కరలేదో దానంతటదే తేలుతుంది.

మా కళాశాలలో బి.ఏ. తెలుగు విద్యార్థులకు శాసనాల (రాళ్ల మీద, రాగిరేకుల మీద చెక్కించిన ప్రాచీన రాతల) మీద ఒక పేపరు రూపొందించే పని నాకు అప్పగించారు. ‘శాసనాల ప్రాముఖ్యాన్ని వివరించండి’ అనే ప్రశ్నను అందులో పెట్టకూడదని మొదటే నిర్ణయించుకున్నాను. ఆ ప్రశ్నకు జవాబు రాయడానికి ఒక్క శాసనమైనా చదివి ఉండనవసరం లేదు. దానికి బదులు, తరగతిలో చెప్పని ఒక శాసనం నుంచి నాలుగు పంక్తులిచ్చి, దాత ఎవరు, దానం ఏమిటి, నేటి వాడుకలో లేని రూపాలు ఏవి అని అడిగాను. శక సంవత్సరానికి 78 కలిపి క్రీస్తు శకంలోకి మార్చమనే చిన్న ప్రశ్న మరొకటి. ఈ రెండింటినీ దృష్టిలో పెట్టుకుంటే, రాజవంశాల చరిత్రకు నేను మొదట అనుకున్నంత చోటు అవసరం లేదని అర్థమైంది.

తరువాత గంటల లెక్క చూడాలి. ఒక క్రెడిట్ అంటే సెమిస్టరుకు పదిహేను బోధన గంటలు కాబట్టి, నాలుగు క్రెడిట్ల పేపరుకు కాగితం మీద 60 గంటలు ఉంటాయి. అంతర్గత పరీక్షలు, సెలవులు, యువజనోత్సవాలు పోగా మిగిలేది అంతకంటే తక్కువేనని అధ్యాపకులందరికీ తెలుసు. అయినా సిలబస్ రాసేటప్పుడు మాత్రం అందరం అరవై గంటలకే రాస్తాం. నేను పదిహేను శాసనాల జాబితాను కుదించి ప్రధానంగా మూడింటిని ఉంచాను: గద్యానికి, ప్రాచీన రూపాలకు క్రీ.శ. 575 ప్రాంతపు కలమళ్ల శాసనం. తరువోజ అనే ఛందస్సులోని పద్యానికి క్రీ.శ. 848 నాటి పండరంగని అద్దంకి శాసనం. కంద పద్యాలకు, సంస్కృత కన్నడాలతో కలిసి తెలుగు కనిపించే తీరుకు జినవల్లభుని కుర్క్యాల శాసనం. ఈ శాసనాలు దొరికిన కడప, ప్రకాశం లేదా బాపట్ల, కరీంనగర్ ప్రాంతాల పిల్లలెవరైనా తరగతిలో ఉంటే చర్చ తనంతట తానే మొదలవుతుందన్నది నా అనుభవం. మిగిలిన వాటిని అదనపు పఠనంలోకి పంపాను.

అదనపు పఠనం అన్నాను కనుక ఒక మాట. మీ గ్రంథాలయంలో లేని పుస్తకాన్ని పఠన జాబితాలో పెట్టకండి, లేదా సిలబస్ ఆమోదానికి ముందే కొనుగోలు ప్రతిపాదన పంపండి. పేరు ఘనంగా ఉన్నదని పెట్టిన పుస్తకాలు మన కళాశాలల సిలబస్‌లలో ఎన్ని ఉన్నాయో చెప్పనవసరం లేదు.

కోర్సు ఫలితాల (కోర్సు ముగిసేసరికి విద్యార్థి ఏం చేయగలడో సిలబస్‌లో చెప్పే వాక్యాల) విషయంలో ‘అవగాహన కలుగుతుంది’ వంటి మాటలు వాడకండి. ‘చదవగలరు’, ‘గుర్తించగలరు’, ‘పోల్చగలరు’ వంటి, పరీక్షలో కొలవదగిన క్రియలే వాడండి. ప్రశ్నపత్రం ముందే రాసుకున్నవారికి ఇది పది నిమిషాల పని.

అసలు పరీక్ష, సిలబస్‌ను పరిశీలించే పాఠ్యప్రణాళికా మండలి (బోర్డ్ ఆఫ్ స్టడీస్) సమావేశంలో ఎదురవుతుంది. అందులో మీ విభాగ అధ్యాపకులతో పాటు బయటి విషయ నిపుణులు, ఉపకులపతి నియమించిన ప్రతినిధి, పరిశ్రమ లేదా అనుబంధ రంగం నుంచి ఒకరు, ఒక పూర్వ విద్యార్థి ఉంటారు. ప్రతి నిపుణుడికీ తాను పరిశోధించిన అంశం సిలబస్‌లో కనిపించాలని ఉంటుంది. అది సహజం, తప్పుపట్టదగినది కాదు. అందువల్ల ముసాయిదాను, యూనిట్ల వారీ గంటల పట్టికను, నమూనా ప్రశ్నపత్రాన్ని కలిపి ముందుగానే వారికి పంపండి. ఎవరైనా ఒక అంశం చేర్చమంటే, దానికి ఎన్ని గంటలు కావాలో, ఆ గంటలను ఏ యూనిట్ నుంచి తీయాలో వారినే వినయంగా అడగండి. మా సమావేశంలో రాగి శాసనాల లిపి పరిణామాన్ని చేర్చాలన్న సూచన ఈ ఒక్క ప్రశ్నతో రెండు గంటల ప్రదర్శన తరగతిగా మారింది, అందరూ సంతోషంగా సంతకం చేశారు. తీర్మానం ఆ తరువాత కళాశాల విద్యామండలికి (అకడమిక్ కౌన్సిల్‌కు) వెళ్తుంది. అక్కడ సాధారణంగా క్రెడిట్లు, మార్కుల విభజన మాత్రమే చూస్తారు.

పేపరు మొదటిసారి బోధిస్తున్నప్పుడు ఏ యూనిట్‌కు నిజంగా ఎన్ని గంటలు పట్టిందో మీ బోధన డైరీలో రాసుకోండి. మరుసటి ఏడాది మండలి ముందు మార్పు కోరాలంటే, మీ అభిప్రాయం కన్నా ఆ డైరీకే ఎక్కువ విలువ ఇస్తారు.