అమ్మ ఒక్కర్తే ఉన్న ఫోటో

పర్లాకిమిడి నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం సారాంశమిది. వయసు 46. పిల్లలిద్దరూ భువనేశ్వర్, విశాఖపట్నంలలో స్థిరపడ్డారు. నిరుడు తల్లి పోయినప్పుడు పటం కట్టించడానికి ఇల్లంతా వెతికినా ఆమె ఒక్కర్తే ఉన్న ఫోటో దొరకక, ఎవరి పెళ్లిలోనో తీసిన గ్రూపు ఫోటోలోంచి ముఖం కత్తిరించి పెద్దది చేయించారు. అప్పటి నుంచి కొడుకు వదిలేసి వెళ్లిన కెమెరాతో ఈమె వీధుల్లోకి వెళుతున్నారు. "కూటికా గుడ్డకా ఈ ఫోటోలు" అంటారు భర్త. "ఈ వయసులో ఇదేం చోద్యం" అంటారు అత్తగారు. బయట ఉన్నంతసేపూ హాయిగా ఉంటుందనీ, గుమ్మం తొక్కగానే తప్పు చేసినట్టుంటుందనీ, మేనల్లుడు చెప్పినట్టు పెళ్లి ఫోటోలు తీసి నాలుగు డబ్బులు సంపాదిస్తే ఈ మాటలు ఆగుతాయా అనీ అడుగుతున్నారు.

అమ్మా, కత్తిరించిన ఆ ఫోటో గురించి మీరు రాసిన వాక్యాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పెద్దది చేసేసరికి అమ్మ కళ్లు అలికినట్టయ్యాయనీ, చెవి పక్కన ఎవరిదో పట్టుచీర అంచు మిగిలిపోయిందనీ రాశారు. ఫోటోకి రమ్మని పిలిచే వేళకు చేతులకు పిండి అంటుకుని ఉండడం వల్లనో, వడ్డన మధ్యలో ఉండడం వల్లనో మన ఇళ్లలో చాలామంది తల్లులు ఇలాగే ఫోటోలకు అందకుండా పోతారు. మీరు చేస్తున్నది సరదా అని ఇంట్లోవారు అనుకుంటున్నారు. మీరూ అలాగే అనుకుంటున్నందువల్ల తప్పు చేసినట్టు అనిపిస్తోంది. నాకైతే అది మీ దుఃఖం వెతుక్కున్న పనిలా కనిపిస్తోంది.

పెళ్లిళ్ల ఫోటోల సంగతికి వస్తే, ఇప్పుడే వద్దంటాను. ముహూర్తం తెల్లవారుజామున మూడింటికి ఉన్నా నిలబడాలి, జీలకర్ర బెల్లం పెట్టే క్షణం చేజారితే మళ్లీ రాదు, డబ్బిచ్చినవారు కోరినట్టే తీయాలి. అది గౌరవమైన వృత్తే గాని, ఇతరుల నోళ్లు మూయించడానికి మొదలుపెడితే ఇప్పుడున్న ఆ కాస్త హాయీ పోతుంది. మీ వారితో మాత్రం లెక్క దాచవద్దు. నెలకు ప్రింట్లకు ఎంత ఖర్చవుతుందో చెప్పి, అంతకు మించనని మాటివ్వండి. ఆయన మాటలో ఉన్న భయం సగం డబ్బు గురించే కావచ్చు.

వయసు గురించి మీ ఊరే ఒక జవాబు చెబుతుంది. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరిన గిడుగు రామమూర్తి గారిని సవర భాష నేర్చుకోమని ఎవరూ పురమాయించలేదు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయ్యేనాటికి ఆయనకు డెబ్బై దగ్గరపడ్డాయి.

ఇక అత్తగారు. ఆమె పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. కెమెరా అంటే ఆమె ఎరిగింది స్టూడియో కుర్రవాడి చేతిలోని వస్తువు, పైగా ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని విన్న తరం. అందుచేత వాదన పెట్టుకోకుండా, ఆమె ఒత్తులు చేసుకునే వేళ కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఒక ఫోటో తీసుకుంటానని అడగండి. ఫ్లాషు వేయవద్దు. వెలుగు ఒక చెంప మీద పడి, రెండో చెంపకు పలుచటి నీడ దిగేలా మీరు పక్కకు జరగండి. షట్టరు వేగం సెకనులో 30వ వంతుకు తగ్గించి, మోచేతులు ఒంటికి ఆనించి పట్టుకుంటే, ముఖం నిలకడగా వచ్చి, దూదిని నలిపే వేళ్లు మాత్రం కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. ఆమె వద్దంటే ఆ రోజుకు వదిలేయండి. ఒప్పుకున్నా మనసు మారుతుందని నేను పూచీ పడలేను, కాని కెమెరా ఎందుకో ఆమెకు అర్థమయ్యే దారి ఇంతకన్నా నాకు తోచడం లేదు.

కొమ్ముతో దువ్వెనలు, కొంగలు మలిచే వృద్ధులనూ, సంతకు చింతపండు తెచ్చే సవర స్త్రీలనూ తీస్తున్నానని రాశారు. తీసే ముందు అడగండి, తీసినది ప్రింటు వేయించి మరుసటి సంతకు వారి చేతికివ్వండి. కెమెరాలో చూపించి వచ్చేస్తే వారికి మిగిలేది ఏమీ ఉండదు.

రాత్రులు నిద్రపట్టక అమ్మ గొంతు వినిపిస్తున్నట్టు ఉంటుందన్న మాటను మీరు ఒక్క వాక్యంలో దాటేశారు గాని, నేను దాటలేను. ఏడాది గడిచినా అది తగ్గకపోతే, ఆకలి కూడా మందగిస్తే, 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ వారితో తెలుగులోనే మాట్లాడవచ్చు, బ్రహ్మపురం (బరంపురం)లోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్యులూ ఉన్నారు. కెమెరా తోడుగా ఉండనివ్వండి, వైద్యం పని దానికి అప్పగించవద్దు.

అత్తగారి ఫోటో ప్రింటు వచ్చాక దాని వెనుక పేరు, తేదీ, వీధి మెత్తని పెన్సిలుతో రాయండి. బాల్‌పెన్నుతో అదిమి రాస్తే ఆ గీతలు ముందువైపు ముఖం మీద తేలతాయి.