ఓజోన్ ముందా మెంబ్రేన్ ముందా అంటే మా డ్రమ్ము కథ చెప్పాల్సిందే

"ఊరి మురుగునీటికి ఓజోన్, మెంబ్రేన్ రెండూ పెట్టాలా, ఒకటి చాలదా" అని కదా అడిగింది. చాలదండీ. ఓజోన్ రంగూ వాసనా క్రిముల్ని చంపుద్ది గానీ ఉప్పు జోలికే పోదు, మెంబ్రేనేమో, అంటే సన్న రంధ్రాల వడపోత పొర, ఆర్వో రకమైతే ఉప్పుతో సహా దాదాపు అన్నీ ఆపుద్ది గానీ జిగురు పట్టి మూసుకుపోద్ది. ఏది ముందు పెట్టాలన్నదే అసలు గొడవ.

నెల్లూరు దగ్గర ఒక ప్లాంట్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌గా చేశా. మాకు ఓజోన్ లేదు, హైపో (సోడియం హైపోక్లోరైట్ అనే క్లోరిన్ మందు) కొట్టి యూఎఫ్ (మట్టీ క్రిములూ ఆపే పొర), తర్వాత ఉప్పు ఆపే ఆర్వో. ఆర్వో పొర పాలీఅమైడ్ అనే ప్లాస్టిక్, క్లోరిన్ తగిలితే దాన్ని తినేస్తది, అందుకని ఆర్వోకి ముందు ఎస్ఎంబీఎస్ (సోడియం మెటాబైసల్ఫైట్, మిగిలిన క్లోరిన్‌ని చంపే మందు) డోసింగ్. రొట్టెల పండగప్పుడు సగం మంది లీవు. పండగైనాక వచ్చి చూస్తే ఆర్వో నుంచి వచ్చే నీళ్ళ టీడీఎస్ (కరిగిన ఉప్పుల లెక్క) 50 ఉండేది 180 చూపిస్తా ఉంది. మీటర్ పాడైందనుకుని ఇంకోటి తెచ్చా, అదీ అంతే. ఎస్ఎంబీఎస్ డ్రమ్ము మూత తీస్తే అగ్గిపుల్ల గీసినట్టు ఘాటు, మందు నిండా ఉంది. నిండా ఉండటమే తప్పు! పంపులో గాలి చేరి ఎయిర్ లాక్ అయ్యి టిక్కు టిక్కుమని ఊరికే కొట్టుకుంటా ఉంది, చుక్క పోవట్లా. లాగ్‌బుక్‌లో మాత్రం వారం రోజులూ "ఓకే". మా రొయ్యల రైతులు బ్లీచింగ్ చల్లిన చెరువులో క్లోరిన్ పోయిందో లేదో చూడకుండా పిల్ల వదలరు, అంత ఖరీదు ప్లాంట్‌లో మేం చూడలా.

ఓజోన్ క్లోరిన్ కంటే బలమైంది, అదీ ఆ పొరని ఇంతే తినేస్తది. పైగా పెద్ద మలినాన్ని చిన్న ముక్కలు చేస్తది, అవి బ్యాక్టీరియాకి విందు, మెంబ్రేన్ మీద పాచి కడతది. అందుకే 1968 నుంచీ మురుగునీళ్ళని శుద్ధి చేసి తాగుతున్న నమీబియా విండ్‌హోక్‌లో, 2002లో కట్టిన ప్లాంట్‌లో ఓజోన్ తర్వాత ఆ ముక్కల్ని పట్టే కార్బన్ (బొగ్గు) బెడ్లు, ఆ తర్వాతే యూఎఫ్. కాలిఫోర్నియా ఆరెంజ్ కౌంటీలో తిరగేశారు, మైక్రోఫిల్టర్, ఆర్వో అయ్యాక చివర్లో ఓజోన్ బదులు యూవీ కాంతి, హైడ్రోజన్ పెరాక్సైడ్. అక్కడ ఆక్సిడేషన్ (ఓజోన్ లాగా మలినాన్ని విరగ్గొట్టే పని) చివర్లో కాబట్టి దాని దెబ్బ పొరకి తగలదు. మీ నీళ్ళలో ఉప్పుంటే నేనైతే రెండోదే అంటా.

మనోళ్ళు మెషిన్లకి కోట్లు పెడతారు, ఆపరేటర్‌కి జీతం దగ్గర బేరాలాడతారు. హోటళ్ళోళ్ళేమో మాడిన నూనె కాలవలోకి పోస్తారు, ఆ జిడ్డు ముందే పట్టకపోతే ఏ ఓజోనూ ఏం చెయ్యలేదు.

ఆ వారం తర్వాత షిఫ్ట్ ఎక్కంగానే డ్రమ్ము మీద మార్కర్‌తో గీత గీసి టైమ్ రాసేవాణ్ణి. గీత కంటే మట్టం దిగకపోతే ముందు పంపు దగ్గరికి పరుగు, టీ తర్వాత.