రాగి తీగ సర్దుకుపోతుంది, ఫైబర్ సర్దుకుపోదు

మా దాసన్నపేటలో పక్కింటి కుర్రాడు ఈ ఆగస్టులో జ్యూరిక్‌లో ఉద్యోగంలో చేరాడు. నేనుండేదీ ఆ చుట్టుపక్కలే, పదకొండేళ్లయింది, కాకపోతే దసరాకి సెలవు పెట్టి విజయనగరం వచ్చి కూర్చున్నాను. పైడితల్లి జాతరలో సిరిమాను ఉత్సవానికి ముందురోజు, తొలేళ్ల నాటి సాయంత్రం, వీధిలో మైకుల గోలకి మేడమీదకి వెళ్తే వాడి ఫోను.

"మావయ్యా, పది గిగాబిట్ల నెట్ పెట్టించుకున్నాను. స్పీడ్ టెస్ట్‌లో 940 దాటితే ఒట్టు. ఆళ్లేదో మోసం చేస్తన్నారు. జర్మన్‌లో గట్టిగా ఒక మెయిల్ రాసి పెట్టవా?"

మెయిల్ తర్వాత రాద్దాం, ముందు రౌటర్ వెనక వైపు ఫొటో తీసి పంపరా అన్నాను. ఎందుకంటే 940 అన్నాడంటేనే సగం సంగతి తెలిసిపోయింది. గిగాబిట్ అంటే సెకనుకి వెయ్యి మెగాబిట్లు, వాడు చెప్పిన 940 కూడా మెగాబిట్లే. గిగాబిట్ పోర్టులో డేటాతో పాటు వెళ్లే చిరునామాల్లాంటి సరంజామా పోగా మనకి మిగిలేది దాదాపు అంతే. కనెక్షన్‌లో తేడా ఉంటే అంకె రోజుకో రకంగా ఊగుతుంది, పొద్దున 600, రాత్రి 300 అలా. ఎప్పుడు చూసినా 940 దగ్గరే బిగుసుకుపోయిందంటే దారిలో ఎక్కడో ఒక గిగాబిట్ పోర్టు అడ్డం కూర్చుందని అర్థం.

ఫొటో వచ్చింది. ఫైబర్, అదే వెలుతురుతో డేటా మోసే గాజు తీగ, దూరే చోట ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ అని రాసుంది, అంటే పది గిగాబిట్లకి సరిపోయేదే. పక్కనే రాగి తీగ పెట్టే నాలుగు మామూలు ఈథర్నెట్ పోర్టులు, నాలుగూ ఒక్కో గిగాబిట్‌వే. ఇంట్లోకి పది వస్తోంది, ల్యాప్‌టాప్‌కి వెళ్లే తీగలో ఒకటే పడుతోంది. సిరిమాను చూడ్డానికి జిల్లా అంతా బస్సులెక్కి వచ్చేస్తారు, మూడు లాంతర్ల కూడలి దగ్గరకొచ్చేసరికి ఒకరి వెనక ఒకరు కదలాల్సిందే కదా, అదే ఇదీ. నాలుగు మెషీన్లు కలిపి నాలుగు గిగాబిట్లు లాక్కోవచ్చు కానీ ఏ ఒక్కదానికీ ఒకటికి మించి రాదు. ఇలాంటి రౌటర్లు బజార్లో బోలెడు, డబ్బా మీద మాత్రం 10 అంకె ఇంత పెద్దది ఉంటుంది.

వాడిని చూసి నవ్వే హక్కు నాకు లేదు. కొత్తలో నేను చేసింది ఇంకా ఘోరం. ఊరు వదిలి వెళ్లిపోతున్న ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో రౌటర్ కొన్నాను, ఫైబర్ పోర్టు ఉందన్నాడు, ఉంది కూడా. పది గిగాబిట్ల మాడ్యూల్, అంటే ఫైబర్ తగిలించడానికి ఆ పోర్టులో గుచ్చే చిన్న ముక్క, తెచ్చి గుచ్చితే టక్కుమని చక్కగా కూర్చుంది. లైటు మాత్రం వెలగలేదు. మూడు రోజులు కస్టమర్ కేర్‌కి ఫోన్లు, గోడలో ఫైబర్ తెగిపోయిందని నా వాదన. చివరికి టెక్నీషియన్ వచ్చి, మీటర్ కూడా బయటికి తీయకుండా, రౌటర్ మీద చిన్న అక్షరాల్లో ఉన్న ఎస్‌ఎఫ్‌పీ అన్న మాట మీద వేలు పెట్టి నా మొహంలోకి చూశాడు. ప్లస్ లేదు! వచ్చి పోయినందుకు బిల్లు మాత్రం వేశాడు.

ఎస్‌ఎఫ్‌పీ ఒక గిగాబిట్, ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ పది, ఎస్‌ఎఫ్‌పీ 28 అంటే ఇరవై అయిదు. మూడింటి కన్నం కొలత ఒకటే, అందుకే దేనిలోకైనా దేన్నైనా గుచ్చేయొచ్చు, చూపుకి తెలీదు. మామూలు రాగి ఈథర్నెట్ అయితే రెండు చివరలూ మాట్లాడుకుని ఇద్దరికీ వచ్చిన స్పీడుకి సర్దుకుంటాయి, అందుకే మావాడి నెట్ పనిచేస్తూనే ఉంది, తక్కువగా. ఫైబర్ దగ్గర ఆ సర్దుబాటు లేదు, అటు పది ఉంటే ఇటూ పదే ఉండాలి, లేకపోతే చీకటే. నా మటుకు నాకు చీకటే నయం అనిపిస్తుంది, కనీసం తప్పు జరిగిందని తెలుస్తుంది. రాగి తీగ నెలల తరబడి చెప్పకుండా తక్కువ ఇస్తూ కూర్చుంటుంది, మనం పూర్తి బిల్లు కడుతూ ఉంటాం.

రౌటర్ కొనేముందు కంపెనీ వాళ్లని ఒక్క మాట అడగండి, నా ఇంటికి విడిగా ఒక ఫైబరా, లేక ఎక్స్‌జీఎస్ పాన్ పద్ధతా అని. విడిగా అయితే వాళ్లు చెప్పిన తరంగదైర్ఘ్యం మాడ్యూల్ కొనుక్కుంటే సరి. పాన్ అయితే ఒకే ఫైబర్‌ని మధ్యలో చీల్చి చాలా ఇళ్లకి పంచుతారు, దానికి మామూలు పది గిగాబిట్ల మాడ్యూల్ పనికిరాదు, వాళ్ల దగ్గర రిజిస్టర్ అయిన పరికరమే ఉండాలి. ఇంకోటి, స్విట్జర్లాండ్ ఇళ్లలో గోడ సాకెట్‌లో పచ్చ రంగు కనెక్టర్ ఉంటుంది, నీలం దాన్ని తెచ్చి అందులో తొయ్యకండి, కొసలు అరగదీసిన కోణం వేరు. ఫైబర్ కొసలోకి కన్ను పెట్టి చూడటం అసలొద్దు, ఆ వెలుతురు కంటికి కనబడదు గానీ కన్నుకి హాని చెయ్యగలదు.

ఇక లోపలి సంగతి. కొత్త ల్యాప్‌టాప్‌లకి చాలావాటికి ఈథర్నెట్ పోర్టే ఉండదు, ఉంటే గిగాబిట్. యూఎస్‌బీకి తగిలించే 2.5 గిగాబిట్ల అడాప్టర్ చవగ్గా దొరుకుతుంది, దాంతో 2300 పైన చూడొచ్చు, రౌటర్‌లోనూ అంత పోర్టు ఉంటేనే సుమా. గోడల్లో క్యాట్ 5ఈ అనే పాత రకం రాగి కేబుల్ ఉన్నా 2.5కి వంద మీటర్ల దాకా ఢోకా లేదు. పదికి క్యాట్ 6 అయితే 55 మీటర్లు, 6ఏ అయితే వంద. అద్దె ఫ్లాట్‌లో 55 మీటర్లు ఎవరికుంటాయి చెప్పండి. ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ కన్నంలో పెట్టే రాగి మాడ్యూల్స్ మాత్రం బాగా వేడెక్కుతాయి, పెట్టాక గంటకి ముట్టుకుంటే చురుక్కుమంటుంది, రెండు పక్కపక్కన పెట్టకండి. వైఫై మీద పది ఆశ పెట్టుకోవద్దు, మామూలు వైఫై 6 ఫోను పక్క గదిలోంచి 600 లాగితే సంతోషించాలి.

అసలు అంత కావాలా అంటే, పెద్ద పెద్ద ఫైళ్లతో పనుండి, ఇంట్లో సర్వర్ పెట్టుకునేవాళ్లకి కావాలి. మిగతావాళ్లకి? 4కే సినిమాకి నెట్‌ఫ్లిక్స్ వాళ్లు అడిగేదే సెకనుకి 15 మెగాబిట్లు. పది గిగాబిట్లంటే సెకనుకి 1250 మెగాబైట్లు, పాత సాటా ఎస్‌ఎస్‌డీ అయితే సెకనుకి 550 కూడా రాసుకోలేదు, అంటే నెట్ అంత వేగంగా వచ్చినా డిస్కు అందుకోలేదు. 2.5 దగ్గర ఆగిపోతే జేబుకీ మంచిది, రౌటర్ ఫ్యాన్ గోలా ఉండదు.

ఇదంతా చెప్తే ఊఁ కొట్టి, 2.5 పోర్టులున్న రౌటర్ ఆర్డర్ పెట్టాడు. నిన్న మెసేజ్, 2340 వస్తోందట. దాని కిందే ఇంకోటి: "మావయ్యా, ఇక్కడ ఒక కంపెనీ 2021 నుంచి ఇరవై అయిదు ఇస్తోందట కదా?" ఇస్తోందిరా, ముందు నీ దగ్గర ఇరవై అయిదు పట్టే కన్నం ఎక్కడుందో ఫొటో తీసి పంపు అని రాశాను. ఇంకా జవాబు లేదు.